చెంచా వెనక పేరు

సంపత్కుమార్ ఆ ఉదయం అరపూట సెలవు పెడదామనుకున్నాడు గాని దొరకలేదు. మద్రాసులో స్థిరపడ్డ చిత్తూరు పెద్దమనిషి బాలసుబ్రమణ్యం మధ్యాహ్నం బండికి వస్తున్నాడు. పాత అమెరికా వెండి చెంచాల మీద ఆయన రాస్తున్న పుస్తకంలో తన పేరు అచ్చులో చూసుకోవాలని సంపత్కుమార్ ఆరేళ్లుగా కలలు కంటున్నాడు. ఏ అమెరికా పాదరీల మిషన్ బంగళాలో వేలమన్నా పరిగెత్తి పోగేసిన చెంచాలు పదకొండు. ప్రతిదాని వెనకా దాన్ని చేసిన అమెరికా కంసాలి పేరుంటుంది. ఆ పేరుకే విలువ. అది పోతే మజ్జిగ కలుపుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

"ఏమే, వీటిని బాగా తోమిపెట్టు. పన్నెండుకు భోజనానికి వదిలినప్పుడు ఆయన్ని పిలుచుకొస్తా" అని భార్య గోదాదేవితో చెప్పి ఆఫీసుకు వెళ్లాడు. ఇన్నాళ్లూ పెట్టెకు తాళం వేసుకున్న మహానుభావుడు ఆ పేర్ల సంగతి మాత్రం చెప్పలేదు.

గోదాదేవి కుంకుడుకాయ రసంతో తోముతూ ఒక చెంచా తిప్పింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంది. హార్ట్‌వెల్. ఇంకోటి తిప్పితే డాడ్సన్. గబగబా అన్నీ తిప్పి చూసింది. ఎవరింటి గిన్నె మీద వాళ్ల పేరు కొట్టించుకోవడం లోకరీతి. పదకొండు చెంచాల మీద పదకొండు పేర్లా?

ఎదురింటి రంగనాయకికి చూపిస్తే ఆమె బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో గోదా! మీ ఆయన పదకొండిండ్లలో భోంచేసి, పోయిన చోటల్లా ఒకటి జేబులో ఏసుకోనొచ్చినాడా?"

"మెల్లగా అను! మద్రాసాయన సూస్తే మా పరువు యాడుంటాది?"

రంగనాయకి నోట్లో నువ్వుగింజ నానదు. పదింటికల్లా పోయిన చెంచాలు వెతుక్కుంటూ నలుగురు ఆడవాళ్లు వచ్చారు. చెంగమ్మ అనే ఆవిడయితే తన రాగిచెంబు కూడా ఇక్కడే ఉండాలని పట్టుబట్టింది. సరిగ్గా అప్పుడే "పేర్లు కొడతాం! గిన్నెలకు పేర్లూ!" అని ఇమాంసాహెబ్ కేక వినబడింది. గోదాదేవికి ప్రాణం లేచొచ్చింది.

"ఇమాంసాబూ, ఈ పేర్లన్నీ అరగదీసి నా పేరు కొట్టు. తెలుగులో."

"ఎవురివమ్మా ఇవి?"

"ఇప్పుడు నావి."

ఇమాంసాహెబ్ పనిమంతుడు. ఆకురాయితో రుద్దితే ఒక్క పేరు ఆనవాలు మిగల్లేదు.

పన్నెండున్నరకు బాలసుబ్రమణ్యం భూతద్దం తీశాడు. సంపత్కుమార్ గర్వంగా పళ్లెం ముందుకు తోస్తూ ఓ చెంచా వెనక్కి తిప్పాడు. గోదాదేవి. ఇంకోటి తిప్పాడు. గోదాదేవి. పదకొండూ గోదాదేవే! ఆరేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరైనందుకు అతనికి ఏడుపొచ్చింది.

"ఏందప్పా ఇది!" బాలసుబ్రమణ్యం భూతద్దం ఇంకా దగ్గరికి పట్టాడు. "పనితనం సూస్తే అచ్చం అమెరికాది, ముద్ర సూస్తే తెలుగు! మిషన్ దొరలకు సెంచాలు సేసిచ్చిన ఆడమనిషి ఈడ ఉండిందా? నలభై ఏండ్లలో ఇట్లాంటిది సూళ్లేదు. ఎవురీ గోదాదేవి?"

నిజం చెబుదామని సంపత్కుమార్ నోరు తెరిచేలోగా వంటింటి గడపలోంచి జవాబొచ్చింది. "ఆ పేరు మా పుట్టింటోళ్లదే సామీ. మా అవ్వ పేరే నాకు పెట్టినారు. పరాయి సొత్తు మా ఇంట్లో ఉండదు."

"అవ్వా!" అంటూ ఆయన గబగబా కాగితం మీదికెక్కించాడు. సంపత్కుమార్ తెరిచిన నోరు మూసుకున్నాడు. నిజం చెబితే పుస్తకంలో చోటు పోతుంది మరి.

ఏడాదికి పుస్తకం వచ్చింది. చెంచాలు చేసిన అవ్వ గోదాదేవికి నిండు పేజీ. అడుగున చిన్నక్షరాల్లో 'ఈ చెంచాలు చూపించినది ఆ వంశపు అల్లుడు' అని ఉంది. అల్లుడి పేరు లేదు. సంపత్కుమార్ పేజీని వెనకా ముందూ తిప్పి చూసి, పుస్తకం పెళ్లాం చేతిలో పెట్టాడు.

"అంతా బాగుండాది గానీ, నేను పుట్టి నూటపాతికేండ్లయిందని రాసినాడే," అంది గోదాదేవి మూతి ముడుచుకుని, "అంత ముసిల్దాని మాదిరి కనపడినానా ఆయనకి?"