కుమారి శివవ్వ, వయసు పది

శివవ్వ ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ప్యాసింజర్‌లో నాందేడ్ నుంచి ఉమ్రి వెళ్లాలి, అక్కడి బడిలో గంటసేపు పిల్లలకు కథలు ఎట్లా పుడతాయో చెప్పాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరాలి. వంకాయ కూర వండి మూత కూడా పెట్టింది.

ఆమెకు అరవై ఒక్క ఏళ్లు. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేసింది. ఏడుపు మానని పిల్లల కోసం అప్పటికప్పుడు అల్లిన కథలన్నీ రిటైరయ్యాక రాసి, తెలుగులో ఒకటి, మరాఠీలో ఒకటి పుస్తకాలు వేసింది. కాలనీలో ఒకరిద్దరు “ఇవి నిజంగ నువ్వే రాసినవా?” అని అడిగారు. ఆ మాట ఆమెకు ఇంకా మంటగానే ఉంది. అందుకే ఒక బడి తనంతట తాను పిలిచేసరికి, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన భర్త రాజారాం చేతికి పుస్తకాల సంచి ఇచ్చి బయలుదేరదీసింది.

తిరకాసంతా ఆ పిలుపులోనే ఉందని ఆమెకు తెలియదు. ఫోన్ చేసినవాడు నిలేశ్ అనే కుర్ర మాస్టారు. శివవ్వది సన్నని గొంతు. “నేను బాలలేఖికను” అంది, పిల్లల కోసం రాస్తానని చెప్పడానికి. బాలలేఖిక అంటే రాసే పిల్ల అనుకున్నాడు నిలేశ్. ఏ తరగతి అని అడిగాడు. ఐదో తరగతి అంది, తన మాటలు వాళ్లకు బాగా ఎక్కుతాయి కాబట్టి. పదేళ్లా అని అడిగితే, పదేళ్లయితే మంచిదే అంది. వెంట ఎవరొస్తారని అడిగితే, ముసలాయన ఒకడు వస్తాడంది. నిలేశ్‌కు ఒక్క సందేహమూ మిగలలేదు.

ఉమ్రి ప్లాట్‌ఫారం మీద ఇరవై మంది పిల్లలు గలగలలాడే లేజిం కర్రలు పట్టుకుని చిందులు వేస్తున్నారు. తన కోసమేనని శివవ్వకు అర్థమైంది. కొంగు సర్దుకుని రెండడుగులు ముందుకు వేసింది. పూలదండ పట్టుకున్న నిలేశ్ “ఆజీ, జరా బాజూలా” అని ఆమెను ఎవరో అవ్వను జరిపినట్టు మర్యాదగా పక్కకు జరిపి వెనక పెట్టె వైపు పరుగెత్తాడు.

ఆ పెట్టెలోంచి ఒక పదేళ్ల పిల్ల, ఒక ముసలాయన దిగుతున్నారు. పిల్ల పేరు ప్రతీక్ష, ముసలాయన ఆమె తాత ముత్తన్న. మేనత్త ఇంటికి వచ్చారు. నిలేశ్ పిల్ల మెడలో దండ వేసి, తలకు గులాబీ రంగు ఫేటా చుట్టాడు. ముత్తన్న ఏమీ అడగలేదు. మూడు నెలల కింద తాలూకా పరుగు పందెంలో మనవరాలు మొదట వచ్చింది, సర్టిఫికెట్ మాత్రం రాలేదు. ఆలస్యమైనా ఎవరికో బుద్ధి వచ్చిందనుకుని ఆయన అలంకరించిన ఆటోలో ఎక్కి దర్జాగా కూర్చున్నాడు.

ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. రాజారాం సంచి కింద పెట్టాడు.

“వాల్లకు ఎవరో దొరికిన్రు. మనం మల్ల బండికి ఇంటికి పోదాం.”

“నేను పోను,” అంది శివవ్వ. “నన్ను పిలిచిన్రు. చెప్పినంకనే పోత.”

లేజిం చప్పుడు వెంట ఇద్దరూ నడిచారు. బడి గేటు మీద నిలువెత్తు బ్యానర్ కట్టి ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో “కుమారి శివవ్వ, వయసు పది” అని ఉంది. రాజారాం అది చదివి, భార్య ముఖం వైపు చూసి, నవ్వు రాకుండా దగ్గాడు. గేటు దగ్గరి జవాను వాళ్లను ఆపి, పిల్లల వెంట వచ్చిన పెద్దవాళ్లు వెనక వరుసలో కూర్చోవాలని చెప్పాడు. శివవ్వ అతని మాట పూర్తి కాకముందే ముందు వరుస దాటిపోయింది.

వేదిక మీద ప్రతీక్ష రాజుగారి కుర్చీలాంటి దాంట్లో కాళ్లు ఊపుతూ కూర్చుంది. పక్కన హెడ్‌మాస్టర్ కిషన్‌రావు, ఆయన పక్కన నాందేడ్ నుంచి వచ్చిన విద్యాధికారి. పేపర్ విలేకరి పిల్లను నాలుగు వైపులా ఫొటోలు తీసుకుని, ఇంకో పని ఉందని అప్పుడే వెళ్లిపోయాడు. విద్యాధికారి మైకు పిల్ల ముందు పెట్టి, ఇన్ని కథలు ఎట్లా రాశావని ప్రేమగా అడిగాడు.

“నేను రాయలే,” అంది ప్రతీక్ష. “నేను ఉరికిన.”

విద్యాధికారి నిలేశ్ వైపు చూశాడు. నిలేశ్ తేరుకుని, కలం అంత వేగంగా ఉరుకుతుందని చెబుతోంది సర్ అన్నాడు. విద్యాధికారి తల ఊపి తన డైరీలో ఆ మాట రాసుకున్నాడు.

అప్పటికి శివవ్వ వేదిక ఎక్కి తన పుస్తకం అట్ట మీది పేరును, జేబులోంచి తీసినంత తేలిగ్గా సంచిలోంచి లాగిన ఆధార్ కార్డు మీది పేరును కిషన్‌రావుకు పక్కపక్కన పెట్టి చూపించింది. ఆయనది సరిహద్దు ఊరు, తెలుగిల్లు. ముఖం తెల్లబోయింది. ఆమెను తెర చాటుకు తీసుకెళ్లి చేతులు జోడించాడు.

“అమ్మా, ఒక్క గంట ఆ పిల్లకు నాయనమ్మ లెక్క కూసోండ్రి. సాహెబ్ ముందట ఇజ్జత్ పోతది. వచ్చే ఏడు మిమ్మల్నే పిలుస్త.”

“నేను ఎవ్వరికీ నాయనమ్మను కాను సార్. నలభై ఏండ్లు ఒకల్ల భార్యనైన, ఒకల్ల అత్తనైన, అంగన్‌వాడీ బాయినైన. ఈ ఒక్కటే నా సొంత పేరు మీద అయిన. అది ఇయ్య.”

కిషన్‌రావు పిల్ల మెడలోంచి దండ తీసి తెస్తానన్నాడు. తీయబోతే ప్రతీక్ష రెండు చేతులతో దండను గట్టిగా పట్టుకుంది. ఫేటా కూడా ఇవ్వనంది. తను నిజంగానే మొదట వచ్చానని, కావాలంటే ఇప్పుడే ఎవరితోనైనా పందెం పెట్టండని అంది. నిలేశ్ బతిమాలాడు, ముత్తన్న లేచి కర్ర నేలకు కొట్టాడు.

“పిల్లదాని దండ ముట్టకుండ్రి,” అంది శివవ్వ. “ఉరికి తెచ్చుకున్నది. నాకు మైకు ఇయ్యుండ్రి చాలు.”

నిలేశ్ భయంతో మైకు ఆపేశాడు. ముప్పై ఏళ్లపాటు రేకుల షెడ్డులో, వాన చప్పుడులో నలభై మంది పిల్లలను మాటలతో కూర్చోబెట్టిన మనిషికి అదొక అడ్డంకి కాదు. ఆమె వేదిక అంచున కూర్చుని, తోక తెగిన తొండ ఒకటి కొత్త తోక అడగడానికి దర్జీ దగ్గరకు వెళ్లిన కథ మొదలుపెట్టింది. సగం తెలుగులో, సగం మరాఠీలో. దర్జీ పొరపాటున నక్క తోక కుట్టేసరికి మొదటి వరుస పిల్లలు నవ్వి నవ్వి వాలిపోయారు. కథ అయ్యేసరికి వెనక వరుసలన్నీ ముందుకు జరిగి వచ్చాయి, విద్యాధికారి కుర్చీతో సహా. ప్రతీక్ష దండ ఒడిలో పెట్టుకుని, తొండ ఆ తోకతో పరుగెత్తగలదా అని అడిగింది. శివవ్వ అది తనకూ తోచలేదని ఒప్పుకుంది. ఇన్నేళ్లలో ఆమెను ఒక కథ గురించి అంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

విద్యాధికారి లేచి, అసలు రచయిత్రి ఎవరో తనకు మొదటే అనుమానం వచ్చిందని సభకు చెప్పాడు. శివవ్వ గేటు దగ్గరకు వెళ్లి, నిలేశ్ చేత నిచ్చెన పట్టించి, బ్యానర్ మీద ‘పది’ కొట్టేసి ‘అరవై ఒకటి’ అని తన చేత్తో రాసి దిగింది. తిరుగు రైల్లో రాజారాం సంచి మోశాడు గానీ అది ఖాళీ సంచి.

మరునాడు పేపర్లో ఫేటా కట్టుకున్న ప్రతీక్ష ఫొటో పడింది. కింద, ఉమ్రిలో సభను మురిపించిన పదేళ్ల కుమారి శివవ్వ, ఐదో తరగతి విద్యార్థిని అని ఉంది.

రాజారాం పోనిమ్మన్నాడు. శివవ్వ చెప్పులు వేసుకుంది. నాందేడ్‌లోని ఆ పేపర్ ఆఫీసులో ఎడిటర్ లేడన్నారు, రేపు రమ్మన్నారు, ఉత్తరం రాయమన్నారు. ఆమె అతని బల్ల ఎదుటి కుర్చీలో కూర్చుని, వచ్చేదాకా లేవనంది. రెండు గంటల తర్వాత ఎడిటర్ వచ్చాడు. తప్పులేమిటో చెప్పమని కలం తీశాడు. మొదటిది వయసు అని ఆమె చెబుతుండగానే ఫోన్ మోగింది. అతను అంతవరకు రాసుకుని, అర్థమైందమ్మా అని చేయెత్తి, మాట్లాడుతూ లోపలికి వెళ్లిపోయాడు.

పేపర్ మాట నిలబెట్టుకుంది. మూడో రోజు మొదటి పేజీలోనే సవరణ వేసింది: “కుమారి శివవ్వ వయసు పది కాదు, అరవై ఒకటి. ఆమె ఐదో తరగతి చదువుతున్నదన్న విషయంలో మార్పు లేదు.”