గుండుగాడి చేతికర్ర

సింగపూర్ తెలుగు ప్రముఖుల సమితి అధ్యక్ష పదవికి చదువు, అనుభవం అక్కర్లేదనీ, వంశం ఉంటే చాలుననీ కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. వై టూ కే పుణ్యమా అని సాఫ్ట్‌వేర్ వాళ్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. అందరి ఉద్యోగాలూ ఇంచుమించు ఒకటే కావడంతో, గొప్పవాడెవడో తేల్చడానికి తాతలు తప్ప దారి లేకపోయింది.

సైన్స్ పార్కులో ప్రాజెక్ట్ మేనేజరు సుధాకరరావుకు ఆ పదవంటే ప్రాణం. నిద్రలో కూడా దండలు వేయించుకుంటున్నాడు. లోటల్లా తాతలదే. అందుకని లిటిల్ ఇండియాలో బంగారయ్య పాతసామాన్ల కొట్టుకు వెళ్లి, చెక్కుడు పిడి ఉన్న చేతికర్ర కొన్నాడు. పిడి మీద గుండు, పిలక, చెవుల దాకా సాగిన నోరు.

"తంబీ, ఇది తోలుబొమ్మలాటలో నవ్వించే గుండుగాడి మొగం. శానా పాతది" అని బంగారయ్య ఉన్నమాట చెప్పాడు. సుధాకరరావు విననట్టు బయటపడ్డాడు.

ఆ ఆదివారమే గుండుగాడు అతని ముత్తాత జమీందారుగారు అయిపోయాడు. "ఆ నోరేమిటండీ అలా ఉంది?" అని భార్య కాత్యాయని అడిగితే, "దానాలు చేసేటప్పటి చిరునవ్వు" అన్నాడు. "డాడీ, హి లుక్స్ సో ఫన్నీ లా" అని సింగపూర్ ఇంగ్లీషులో నవ్విన కూతురు ఉజ్వలకు వంశగౌరవం మీద ఉపన్యాసం పడింది. సమితి సభ్యులు మాత్రం కర్రకు వంగి దణ్ణం పెట్టారు. ఉపాధ్యక్షులిద్దరూ అదే కొట్టుకు పరుగెత్తి, అలాంటి కర్రలే కొనుక్కుని, తామూ జమీందారుగారి వారసులమేనని ప్రకటించారు. కాదంటే తన గుట్టు బయటపడుతుంది గనుక సుధాకరరావు వాళ్లను అన్నదమ్ములంటూ కావలించుకున్నాడు.

అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఉగాది సభకు ఆంధ్ర నుంచి తోలుబొమ్మలాట వాళ్లు వస్తున్నారని తెలిసి అతనికి అన్నం సయించలేదు. ఆట మొదలవగానే తెర మీదికి గుండుగాడు దూకాడు. అదే గుండు, అదే పిలక, అదే నోరు. పదవీ పోయింది, పరువూ పోయిందనుకుని సుధాకరరావు కళ్లు మూసుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. కళ్లు తెరిస్తే, హాలు హాలంతా చేతులు జోడించి నిలబడి ఉంది.

కార్యదర్శి పరంధామయ్య మైకు అందుకున్నాడు. "జమీందారుగారు స్వయంగా విచ్చేసిన ఈ శుభవేళ, వారుండగా వారసులను ఎన్నుకోవడం అపచారమని మనవి చేస్తున్నాను."

బొమ్మను ఆటవాళ్ల దగ్గర బతిమాలి తీసుకుని, శాలువా కప్పి, అధ్యక్షుణ్ణి చేశారు. తాను పుట్టించిన తాతే తన కుర్చీ కొట్టేశాడని సుధాకరరావుకు కడుపు మండింది. అయినా తాతగారిని వెనక నుంచి ఆడించే గౌరవ బాధ్యత ఒప్పుకున్నాడు.

ఏడాది గడిచింది. ఇదివరకటి అధ్యక్షులకూ ఈ జమీందారుగారికీ తేడా ఉందన్న సభ్యుడు ఇంతవరకు ఒక్కడూ లేడు.