అయిదు లెక్కపెట్టేదాకా

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే చెట్లు ఎక్కువని కాదు, కమిటీలు ఎక్కువని, ఒక వాగు ఉండేది. వాగుకి ఇవతలి గట్టు వాళ్ళకీ అవతలి గట్టు వాళ్ళకీ క్షణం పడేది కాదు. ఎండాకాలం వాగంతా ఎండిపోయి ఒక్క మడుగు మిగిలేది. ఆ మడుగులో ముందు తాగినవాళ్ళకి నీళ్ళు, తర్వాత తాగినవాళ్ళకి బురద. అందుకే గొడవ.

ఏటేటా కొట్టుకు చావడం ఎందుకని పెద్దలు ఒక ఆట పెట్టారు. దాని పేరు కాయాట. అందులోనూ కొట్టుకోవడమే, కాకపోతే చూడ్డానికి జనం వస్తారు. గెలిచిన గట్టు ఆ వేసవంతా ముందు తాగుతుంది.

ఆట తేలికే. ఇవతలి గట్టు తరఫున ఒకడు వెలగకాయ పట్టుకుని నిలబడాలి. ముందుకి పరిగెత్తే జింకకి దాన్ని విసరాలి. జింక దాన్ని తీసుకెళ్ళి చివరనున్న నల్లబండ మీద పెట్టాలి. ఈలోగా అవతలి గట్టు అడవిపందులు వచ్చి విసిరేవాణ్ణి తొక్కెయ్యాలి. అలా తొక్కకుండా విసిరేవాడి ముందు అయిదు అడవిదున్నలు వరసగా అడ్డం నిలబడతాయి. ఇంతే. దీని గురించి అడవి ఏడాది పొడుగునా మాట్లాడుకునేది.

ఓడిన గట్టుకి కొత్త ఆటగాళ్ళని ముందుగా ఏరుకునే హక్కు ఉండేది. ఇవతలి గట్టు వరసగా ఆరేళ్ళు ఓడింది కాబట్టి ఆ హక్కంటే వాళ్ళకి మహా గర్వం. అలా ఏరుకున్నవాడే కొండముచ్చు కోదండం.

ఏరడమంటే మామూలుగా కాదు. ఆటల కమిటీ అధ్యక్షుడు నక్క శేషాచలం స్వయంగా కూర్చుని కోదండం అరచెయ్యి కొలిపించాడు, తోక కొలిపించాడు, పళ్ళు చూశాడు. "చిన్నప్పుడు కొమ్మ మీంచి పడ్డప్పుడు ఏడ్చావా, నవ్వావా?" అని అడిగాడు. "గుర్తులేదండీ" అన్నాడు కోదండం. "భేష్, గతాన్ని తల్చుకోడు" అని రాసుకున్నారు.

మొదటి ఆటకి ముందు, దున్నల్లో పెద్దది కోదండం దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పింది. "బాబూ, నేను పైకే లెక్కపెడతాను. అయిదు అనేదాకా ఒక్క పందీ నీ దాకా రాదు. అయిదు అనగానే విసిరెయ్. ఆరు మాత్రం మావల్ల కాదు."

అదీ ఒప్పందం. పెద్ద దున్న ఒకటి, రెండు అంటూ ఉంటే పందులు వచ్చి దున్నల డొక్కల్లో గుద్దుకునేవి. కోదండం తాపీగా నాలుగు వైపులా చూసి, అయిదు దగ్గర విసిరేవాడు. పైన కొమ్మ మీంచి కాకి కనకాంగి వ్యాఖ్యానం అందుకునేది. "చూశారా! ఆలోచిస్తున్నాడు! ఏమి నిదానం! మీదికి పందులొస్తున్నా తొణకడే! అదీ బుర్రంటే!"

పదేళ్ళలో ఏడుసార్లు గెలిచారు. ఈ పదేళ్ళలో ఒక దున్నకి కొమ్ము విరిగింది, ఒకదానికి కన్ను పోయింది, ఇంకోదానికి కాలు అవిటయింది. కనకాంగి వాటి గురించి ఒకే ఒక్కసారి మాట్లాడింది. "కోదండం ముందు ఏవో నల్లగా కదులుతున్నాయి, పట్టించుకోకండి" అంది.

కోదండం పేరు మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు పిల్లలకి అతని పేరు పెట్టారు. ఎలుగుబంటి తన తేనెపట్టు మీద అతని బొమ్మ వేయించి 'కోదండం బలం ఇదే' అని రాయించింది. తేనె తింటే అతనికి ఒళ్ళంతా దద్దుర్లు. ఆ ముక్క రాయించలేదు.

పదకొండో ఏడు కోదండం భుజం పట్టేసింది. పొద్దున లేస్తే చెయ్యి పైకి లేచేది కాదు. శేషాచలం కుర్ర కొండముచ్చుల అరచేతులు కొలిపిస్తున్నాడని కూడా విన్నాడు. ఇదే నా ఆఖరి ఆట కాబోలు అనుకున్నాడు. పోనీ ఆఖరిసారన్నా అడవంతా తనని నిండుగా, కళ్ళారా చూడాలని ఆశపడ్డాడు. పాపం, ఆశపడ్డంలో తప్పేం లేదు. అడగరానివాణ్ణి అడిగాడు, అదే తప్పు.

"అధ్యక్షా, నేను జనానికి సరిగ్గా కనబడ్డంలేదు" అన్నాడు.

శేషాచలం ముఖం వెలిగిపోయింది. "నా నోట్లో మాట అన్నారు కోదండం గారూ! ముందు వరసలో కూర్చునే పెద్దలు పదేళ్ళుగా మొత్తుకుంటున్నారు. మిమ్మల్ని చూద్దామని వస్తే దున్నల పిర్రలు కనబడుతున్నాయట!"

వెంటనే మీటింగు పెట్టారు. దున్నల్ని తప్పించి వాటి చోట అయిదుగురు కుందేళ్ళని పెట్టాలని తీర్మానం. ఎత్తు తక్కువ, చూపుకి అడ్డు రారు, పైగా గడ్డి కూడా తక్కువ తింటారు. "ప్రజాభీష్టం మేరకు" అని మొదలయ్యింది కాబట్టి ఎవరూ చివరిదాకా వినకుండా చేతులెత్తారు.

"మేం నిలబడతామండీ, అందులో సందేహం లేదు" అన్నాడు కుందేళ్ళ నాయకుడు. "ఎంతసేపన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేం."

పెద్ద దున్న ఒక్కటే నోరు విప్పింది. "కోదండం బాబూ, పందులు తగ్గలేదు. ఒకసారి ఆలోచించు."

"ఆలోచించడం నాకు నువ్వు నేర్పక్కర్లేదు" అన్నాడు కోదండం. "అడవంతా మెచ్చుకునేది నా ఆలోచననే."



పోయేవాళ్ళని ఊరికే పంపకూడదు కదా, సన్మానం చేశారు. మోదుగాకుల శాలువాలు కుట్టించారు. కప్పబోతే దున్నల వీపు మీద జేబురుమాలంత ఉన్నాయి. పేర్లు చదవమని కనకాంగిని పిలిచారు. కనకాంగి శేషాచలం వంక చూసింది, శేషాచలం కోదండం వంక చూశాడు, కోదండం ఆకాశం వంక చూశాడు. చివరికి కనకాంగి గొంతు సవరించుకుని, "దున్న... దున్న... దున్న... దున్న... ఆఖరుగా దున్న!" అని చదివింది. చప్పట్లు మోగాయి. దున్నలు శాలువాలు తినేసి వాగు దాటి వెళ్ళిపోయాయి.

అవతల గట్టున పందుల పెద్ద ఎదురొచ్చింది. పదేళ్ళు ఆ డొక్కల్ని గుద్ది గుద్ది దాని మూతి వంకరపోయింది. "రండి రండి. మేస్తూ ఇక్కడే ఉండిపోండి. ఇంతకీ మీ పేర్లేమిటి?" అంది.

దున్నల్ని ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదటిసారి.

ఆట రోజొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజు కోదండం కనబడినంత బాగా ఎన్నడూ కనబడలేదు. తల నుంచి తోక దాకా, అడ్డమన్నది లేకుండా, ఎండలో మెరిసిపోతూ నిలబడ్డాడు. ముందు వరస పెద్దలు లేచి ఈలలు వేశారు. జింక పరుగందుకుంది.

"ఒకటి" అన్నాడు కుందేళ్ళ నాయకుడు.

"రెండు" అనే మాట బొరియలోంచి వినిపించింది.

కోదండం ఇంకా ఎడంవైపే చూస్తున్నాడు. కుడివైపు చూడ్డం మూడు దగ్గర, జింకని చూడ్డం నాలుగు దగ్గర. పదేళ్ళ అలవాటది. పందులకి ఆ అలవాటు లేదు. రెండో లెక్క పూర్తయ్యేసరికి అతని మీద ఆరు పందులున్నాయి, పట్టేసిన భుజం కాస్తా విరిగింది, వెలగకాయ పగిలి ఎవరి కాళ్ళకిందో గుజ్జయింది.

దుమ్ములో పడి ఉన్నప్పుడు కోదండానికి సంగతి తెలిసింది. తన నిదానం తనది కాదు. ఏ బుర్రని చూసి అడవి చప్పట్లు కొట్టిందో, అది వట్టి అయిదు లెక్కల సమయం. అది పట్టుకొచ్చి ఇచ్చినవాళ్ళు అవతలి గట్టున గడ్డి మేస్తున్నారు. నొప్పికన్నా సిగ్గు ఎక్కువేసి కళ్ళు మూసుకున్నాడు.

"ఎంత తొందరగా పడిపోయాడో చూశారా! అందులోనూ రికార్డే!" అంది పైనుంచి కనకాంగి.

ఓటమి మీద విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు శేషాచలమే. మూడు వారాలు విచారించి తేల్చిందేమిటంటే, "ప్రమాద సమయంలో దున్నలు విధుల్లో లేవు. వాటి గైర్హాజరే ఓటమికి ఏకైక కారణం." కుందేళ్ళకి మెప్పు దొరికింది, బతికి బయటపడ్డ సమయస్ఫూర్తికి. కోదండాన్ని కనకాంగి పక్కన కొమ్మ మీద కూర్చోబెట్టారు, చేతికి తీగ కట్టి. వ్యాఖ్యానం చెప్పమన్నారు. అతను నోరు తెరవలేకపోతే, "మాటల్లో కూడా ఎంత నిదానమో!" అని మెచ్చుకున్నారు.

ఆ వేసవి ఇవతలి గట్టుకి బురదే మిగిలింది. ఎండ మాడ్చేస్తుంటే ఒక మధ్యాహ్నం కోదండం ఒంటిచేత్తో పాక్కుంటూ మడుగు దగ్గరికి వెళ్ళాడు. నడిమధ్యన ఇంకా కాసిని తేట నీళ్ళున్నాయి. అతను వంగాడో లేదో, గట్టు మీద పందులు లేచి పరుగున వచ్చాయి. కోదండం కదల్లేకపోయాడు.

అంతలో అతనికీ పందులకీ మధ్య ఏదో నల్లగా అడ్డం వచ్చి నిలబడింది. పందులు దాని డొక్కలో గుద్దుకుని ఆగాయి.

"ఒకటి" అంది పెద్ద దున్న.

కోదండం తలెత్తి చూశాడు. "అన్నా, నీ పేరు..."

"పేరుదేముంది, తర్వాత చెప్తాలే. ముందు తాగు. మూడయింది."

కోదండం తాగాడు. సరిగ్గా అయిదు దగ్గర లేచాడు.

నీతి: మనల్ని కాపాడేవాళ్ళని ఎప్పటికప్పుడు తప్పించేస్తూ ఉండాలి, లేకపోతే ఓడినరోజున తప్పంతా మనదే అయ్యే ప్రమాదం ఉంది.