ముప్ఫై ఒకటో వరుస

ఆ గురువారం ఇంట్లో ఉన్నవాళ్లు: మా మామ విజయేందర్, ఓనర్. అత్తమ్మ జానకీదేవి, ఎడిటర్. వాళ్ల కూతురు దివ్యశ్రీ, నాకు వదిన, ఆమె కూడా ఎడిటరే. తాత పెంటయ్య, చూడటానికి మాత్రమే. అదీ కళ్లజోడు దొరికిన పూట. చివర నేను, సుమశ్రీ. కామెంట్ మాత్రమే.

ఈ హోదాలు నేను ఇచ్చినవి కావు. మా ఇంటి షీటులో పేర్ల పక్కన రాసి ఉన్నవి. షీటు అంటే అందరి ఫోన్లలోనూ ఒకేసారి కనిపించే పట్టిక. ఓనర్ దేన్నయినా మార్చగలడు. ఎడిటర్లు రాయగలరు, కొట్టేయగలరు. నాలాంటివాళ్లు పక్కన చిన్న అక్షరాలతో విన్నవించుకోగలరు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు నోటితో మాట్లాడుకునే పాత అలవాటును ఇకనైనా మానుకోవాలి!

నోటితో మాట్లాడితే ఏం మిగులుతుంది? చెప్పినవాళ్లు చెప్పామంటారు, విననివాళ్లు వినలేదంటారు. సాక్ష్యం ఉండదు. షీటులో అలా కాదు. ఎవరు, ఏ రోజు, ఏ నిమిషాన, ఏ పని చేయలేదో కూడా నమోదై ఉంటుంది.

దీన్ని మా ఇంటికి తెచ్చింది మామే. ఆయన అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాడు. పది దేశాల్లో కూర్చున్న పదిమంది ఒకే కాగితం మీద కలిసి ఎలా పనిచేయాలి అన్నది ఆయన సబ్జెక్టు. నలభై అయిదు రోజుల కోర్సు. మెట్రో పిల్లరు పక్కన మరో పదకొండు మంది సార్ల ఫ్లెక్సీల కింద ఆయన ఫ్లెక్సీ కూడా ఉంది. నుదుటి నుంచి ముక్కు దాకా కనిపిస్తాడు. ఇప్పుడు సగం క్లాసులు ఇంటి నుంచే, పంజాగుట్టలో మేముండే ఇంటి వెనక గదిలోంచి చెబుతున్నాడు.

పది దేశాలవాళ్లకు పనికొచ్చింది ఒకే ఇంట్లో అయిదుగురికి పనికిరాదా?

ఉప్మా సంగతి చూడండి. ఒక ఉదయం అత్తమ్మ ఉప్మాలో ఉప్పు వేసి, షీటులో రాసి, స్నానానికి వెళ్లింది. వదిన ఫోనులో ఆ మార్పు ఇంకా దిగలేదు. ఆమె వచ్చి మళ్లీ ఉప్పు వేసింది. ఆ ఉప్మాను మేం తినలేకపోయాం, నిజమే. కానీ మొదటి ఉప్పు ఎనిమిది పద్నాలుగుకు పడిందనీ, రెండోది ఎనిమిది పదహారుకు పడిందనీ మాకు తెలుసు. ఉప్మా పారేసే ఇళ్లు ఊళ్లో చాలానే ఉంటాయి. ఎందుకు పారేస్తున్నారో ఇంత ఖచ్చితంగా ఎన్ని ఇళ్లకు తెలుసు?

మోటర్ సంగతీ అంతే. "మోటర్ బంద్ చేయాలి" అన్న వరుసను ముగ్గురు చూశారు. ముగ్గురూ బొటనవేలు గుర్తు పెట్టారు. ముగ్గురు ఒప్పుకున్నాక ఇంకా లేచి వెళ్లడం దేనికి? ట్యాంకు నిండి, నీళ్లు మెట్ల మీదుగా దిగి, కింద ఫఖ్రున్నీసా చాచీ కుట్టుదుకాణంలోకి చేరాయి.

చాచీ తడి చెప్పులతో పైకి వచ్చింది. "విజయేందర్ భాయ్, మీ ట్యాంకు నా మిషిన్ మీద కురుస్తుంది. పైన జర మనుషులు ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నం ఆపా," అన్నాడు మామ. "మీకు సుత లింక్ పంపిస్త. గిట్లాంటిది అయితే మీరు ఆడనే రాయొచ్చు."

"నేను రాసే లోపల బ్లౌజులు ఈత నేర్చుకుంటయ్ భాయ్. స్విచ్ ఏడున్నది, గది చెప్పు."

ఆమే వెళ్లి మోటర్ ఆపేసింది. మామ వెంటనే ఆ వరుసకు పచ్చరంగు వేసి "పూర్తయింది, ఫఖ్రున్నీసా" అని రాశాడు. పొరుగువాళ్లను కూడా పనిలో కలుపుకుపోవడం అంటే ఇదే కదా!

ఇక తాతకైతే ప్రత్యేకంగా ఒక వరుసే ఉంది. "తాత: ఇంట్లో ఉన్నాడు, బాగున్నాడు." దానికి రోజూ పన్నెండింటికి వదిన తన గదిలోంచే టిక్కు కొడుతుంది. ఒకరోజు ఆ టిక్కు పడే సమయానికి తాత యూసుఫ్‌గూడలో తన దోస్తు సాయిలుతో చాయ్ తాగుతున్నాడు. మా తాత ఫోనులోంచి సాయిలు తాతే ఆ వరుస చదివి వినిపించాడట.

"ఇంట్ల ఉన్ననంట, మంచిగున్ననంట," అన్నాడు తాత ఇంటికొచ్చాక. "ఇగ నాకేం ఫికర్. ఇంకో చాయ్ తాగొచ్చిన."

ఇన్ని చెప్పాను కానీ, షీటు వల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరిగింది నాకే.

నాకు నలుగురి ముందు నోరు పెగలదు. ఊరి బడిలో హాజరు పిలిచినప్పుడు నా బదులు పక్క పిల్ల "ఉంది సార్" అనేది. నేను చెయ్యి ఎత్తేదాన్ని. రాసుకోవడమైతే అలవాటే. నా డైరీ చూసి మామ నిజంగా జాలిపడ్డాడు. "ఒక్కదానివే రాసి ఒక్కదానివే చదువుడేంది బిడ్డా? షేరింగే లేకపాయె." అందుకే నన్ను షీటులో చేర్చాడు. నోరు తెరవక్కరలేకుండా పెద్దవాళ్లతో మాట్లాడే అవకాశం నాలాంటి పిల్లలకు అంతకు ముందు ఎవరిచ్చారు?

అందులోనూ గొప్ప ఏర్పాటు, కామెంటు పక్కన ఉండే చిన్న టిక్కు. దాని పేరు రిజాల్వ్. సమస్య తీరింది అని దాని అర్థం. నొక్కగానే కామెంటు కళ్ల ముందు నుంచి మాయమవుతుంది. మరి సమస్య ఎక్కడికి పోతుంది అని అడగకండి. అది షీటుకు సంబంధించిన విషయం కాదు.

మా ఊళ్లో పెద్దమనిషికి మన మాట వినాలని లేకపోతే పాపం ఆయన ఎంత కష్టపడాలి! ముఖం పక్కకు తిప్పుకోవాలి, గొంతు సవరించుకోవాలి, "చూద్దాంలే" అనాలి. మనం ఇంకా అక్కడే నిలబడి ఉంటే చూసీ చూడనట్టు ఉండాలి. ఇక్కడ ఒక్క వేలు చాలు.

ముప్ఫై ఒకటో వరుస నాది. "సుమశ్రీ ఇంటర్ మెమో, టీసీ, ఒరిజినల్స్. మామ గదిలో బీరువా." నాకు బేగంపేటలోని ఒక కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. గురువారం మధ్యాహ్నం మూడింటిలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి చేరాలి. చూపించకపోతే ఆ సీటు వెనకున్న పిల్లకు పోతుంది. నన్ను ఊరి నుంచి తెచ్చిన రోజునే మామ ఆ కాగితాలను భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశాడు. కాలేజీ దూరం కూడా కాదు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పక్క స్టేషనే.

సోమవారం కామెంటు పెట్టాను. "మామా, గురువారం ఒరిజినల్స్ కావాలి." మామ బొటనవేలు గుర్తు పెట్టి రిజాల్వ్ నొక్కాడు.

ఆ సాయంత్రం ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"మామకు చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"బొటనవేలు పెట్టిండు."

"మీ మామ చదువుకున్నోడు గదనే. వేలిముద్ర ఎందుకు పెట్టిండు?"

మంగళవారం మళ్లీ కామెంటు పెట్టాను. ఈసారి వదిన చూసింది. "ఫోల్డర్లో స్కాన్ ఉంది కదా, ప్రింట్ తీసుకో" అని రాసి రిజాల్వ్ నొక్కింది. కాలేజీవాళ్లు పంపిన మెసేజ్‌లో ఒరిజినల్స్ అన్న మాట రెండుసార్లు, ఎర్ర అక్షరాలతో ఉంది. బుధవారం దాన్ని ఫొటో తీసి జతచేశాను. ఎర్ర అక్షరాలకు వదిన గుండె గుర్తు పెట్టింది. అత్తమ్మ "ఆల్ ద బెస్ట్ బిడ్డా" అని రాసి, తనే రిజాల్వ్ చేసింది.

మూడు రోజుల్లో నా సమస్య మూడుసార్లు తీరింది. ఇంతకన్నా వేగంగా పనిచేసే ఇల్లు ఎక్కడైనా ఉందా?

గురువారం పొద్దున్నే నాలుగో కామెంటు పెట్టి, జడ వేసుకుని, చెప్పులు గడప దగ్గర వీధివైపు తిప్పి పెట్టుకుని కూర్చున్నాను. మామ గదిలో తొమ్మిది నుంచి క్లాసులు. తలుపు వేసి ఉంది. అయినా ఇబ్బంది లేదు, షీటు ఉంది కదా. నా కింది వరుసలో "బీరువా తాళం ఎవరి దగ్గర?" అన్న ప్రశ్న ఉంది, దాని ఎదురుగా జవాబూ ఉంది: జానకి.

వంటింట్లోకి వెళ్లాను. "అత్తమ్మా, తాళం..."

"నా దగ్గర లేదు బిడ్డా. షీట్ల మార్చిన, చూడు." పోపు గరిట ఒక చేతిలో, ఫోను ఇంకో చేతిలో. చూశాను. "దివ్య" అని మారింది.

వదిన తన గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉంది. నన్ను చూసి, మాట్లాడొద్దని వేలు చూపించి, అదే వేలితో "డాడీ" అని మార్చింది. మామ క్లాసు మధ్యలోంచే దాన్ని మళ్లీ "జానకి" చేశాడు.

పదకొండున్నరలోపు ఆ తాళం ఇల్లంతా మూడు చుట్లు తిరిగింది. వంటింటికీ వదిన గదికీ ఏడడుగులు. వదిన గదికీ మామ గదికీ మధ్య ఒక్క గోడ. తాళం అంత వేగంగా తిరుగుతున్నా ఒక్క మనిషీ కదలలేదు. ఇది సాంకేతిక విజయం కాకపోతే మరేమిటి?

ఒంటిగంట దాటాక తాత మంచం మీద నుంచి అడిగాడు. "ఏమైందే సుమా? పొద్దటి సంది గా ఫోన్నే చూస్తున్నవ్."

"బీరువ తాళం తాతా. మూడింటి లోపల నా టీసీ కావాలె."

"తాళం ఎవరి దగ్గరున్నది?"

"వదిన దగ్గర. ఆగు... మామ దగ్గర."

"అది తాళమా, పావురమా?" తాత లేచి కూర్చున్నాడు. "బీరువ మీ మామ గదిల ఉన్నది. మీ మామ సుత గదే గదిల ఉన్నడు. పోయి అడుగు."

"క్లాస్ల ఉన్నడు తాతా. తలుపు కొట్టొద్దన్నడు."

"కొడితే ఏమైతది, తలుపుకు నొప్పి లేస్తదా? నీకు నోరున్నది గద. దేనికి దాచిపెట్టుకున్నవ్?"

పాఠకులారా, తప్పు నాదేనని ఒప్పుకుంటాను. ఇంత మంచి షీటు ఉండగా, దాన్ని దాటి వెళ్లాలన్న పాడు ఆలోచన నాకు ఆ క్షణంలో వచ్చింది. మామ గది ముందు నిలబడి వాక్యం తయారు చేసుకున్నాను. మామా, నా ఒరిజినల్స్ ఇప్పుడే కావాలె. అయిదు మాటలు. మనసులో ఎనిమిదిసార్లు చెప్పుకున్నాను. లోపల నుంచి మామ గొంతు హాయిగా వినిపిస్తోంది.

"సమాచారం ఒక్కరి దగ్గరే ఉండిపోతే, ఆ ఒక్కరిని ఏమంటాం? అడ్డంకి అంటాం. రాసుకోండి. ఎవరైనా, ఎప్పుడైనా, ఎవరినీ బతిమాలకుండా అందుకోగలిగితేనే అది షేరింగ్."

రెండు గంటలకు ఇంకా అయిదు నిమిషాలు ఉంది. తలుపు కొట్టాను.

మామ జానెడు తెరిచాడు. ఒక చెవి నుంచి ఇయర్‌ఫోను వేలాడుతోంది. వెనక లాప్‌టాప్‌లో వరుసలు వరుసలుగా చిన్న చిన్న ముఖాలు. ఆ వెనక ఇనుప బీరువా. దాని తలుపుకే, తాళపుచెవి. అత్తమ్మ కట్టిన గులాబీ రంగు రిబ్బన్‌తో, ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతోంది. అక్కడికి నాలుగడుగుల దూరం ఉంటుంది.

"మామా, నా ఒరిజినల్స్ ఇప్పుడే కావాలె," అన్నాను. బయటికే అన్నాను. తయారు చేసుకోని మాటలు కూడా వాటి వెనకే వచ్చేశాయి. "మూడింటికి సీటు పోతది."

లాప్‌టాప్‌లో ఒకరిద్దరు నవ్వారు.

"గింతేనా?" అన్నాడు మామ, కోపంగా కాదు. "గిదానికి తలుపు కొట్టాల్నా బిడ్డా? షీట్ల పెట్టినవ్ గద."

"పెట్టిన మామా. నాలుగుసార్లు పెట్టిన."

"మరి? ఆగు, నీ ముంగటనే చేస్త." జేబులోంచి ఫోను తీశాడు. వేలితో పైకి తోసుకుంటూ వెళ్లి ముప్ఫై ఒకటో వరుస దగ్గర ఆగాడు. వరుసకు పచ్చరంగు వేశాడు. పొద్దున నేను పెట్టిన నాలుగో కామెంటు మీద టిక్కు నొక్కాడు. నా చేతిలో ఫోను చిన్నగా మోగింది.

"అయిపోయింది," అన్నాడు మామ. "ఇగ ఫికర్ చేయకు. పో, మెట్రో దొరుకుతది."

"మామా, తాళం బీరువకే ఉన్నది. గదో, నీ ఎనకనే."

మామ వెనక్కి తిరిగి చూడలేదు. లాప్‌టాప్‌లోంచి ఎవరో "సార్, వాయిస్ రావట్లేదు" అన్నారు. ఆయన ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకున్నాడు.

"కామెంట్ పెట్టు బిడ్డా," అని ప్రేమగానే చెప్పి, తలుపు వేసుకున్నాడు.