ఫ్యూజు పీకిన మధ్యాహ్నం

అశోక్‌కుమార్‌కు చెమట గురించి ఒక సిద్ధాంతం ఉంది. ఉక్కను ఓర్చుకునే గుణం పుట్టుకతో రావాలట. చిక్కపేటలో మూడు తరాలుగా పాతుకుపోయిన తమ వంశానిది చల్లటి రక్తం, పావగడ నుంచి వచ్చిన భార్య నేత్రావతిది ఎండకు కాగిన రక్తం. కాబట్టి గదిలో ఫ్యాను అయిదు మీదే తిరగాలి. ఎదురింటి మార్వాడీ, మేడమీది మలయాళీ ఎంత ఉక్కకు అల్లాడతారో కూడా వాళ్లనడక్కుండానే చెప్పేస్తాడాయన.

ఆ గాలికి తలపోటు వస్తోంది, మూడు మీద పెట్టమని నేత్రావతి ఎన్నేళ్లో చెప్పింది. ఈ ఏప్రిల్‌లో చెప్పడం మానేసి, చాప చంకన పెట్టుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

గెలిచినవాడికి నిద్ర పట్టాలి కదా, పట్టలేదు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఆమె వీధి కబుర్లు చెబుతూంటే వింటూ కునుకు తీయడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. ఇప్పుడు ఇరవై రోజులుగా గదిలో ఫ్యాను ఒక్కటే మాట్లాడుతోంది. ఒంటరితనం గుండెల మీద కూర్చుంది. రమ్మని పిలుద్దామంటే, సిద్ధాంతం ఏం కావాలి?

ఆదివారం ఆమె గిన్నెలు కడుగుతుండగా ఆయన స్టూలెక్కి, ఫ్యూజు పీకి, చొక్కా జేబులో వేసుకున్నాడు. కరెంటే లేకపోతే ఫ్యాను తగాదా ఉండదు. హాల్లో కిటికీ లేదు, గాలికోసమైనా గదికే రావాలి.

వచ్చింది. విసనకర్రతో ఆయనకూ కలిపి విసురుతూ, పక్కింటి అక్కయమ్మ కొత్త కోడలి దగ్గర మొదలుపెట్టి ఇరవై రోజుల బాకీ కబుర్లన్నీ చెప్పింది. ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

గంట గడిచేసరికి చల్లటి రక్తం కుతకుత ఉడికింది. ఇక ఓర్చుకోలేక చొక్కా విప్పి దులిపాడు. తెల్లటి పింగాణీ ఫ్యూజు ఠక్కున నేలమీద పడింది.

ఆయన బుద్ధిగా చొక్కా మడతపెట్టసాగాడు, జన్మలో మొదటిసారి.

"స్టూలెక్కినప్పుడే చూసినానప్పా," అంది నేత్రావతి.

"చూసీ గంటసేపు ఎందుకు విసిరినావు?"

"నాకు మాత్రం ఆ హాల్లో ఎవరుండారు?"

అప్పుడు చూశాడాయన. ఆమె జాకెట్టు తన చొక్కా కన్నా ఎక్కువ తడిసిపోయి ఉంది. పావగడ రక్తానికి చెమట పడుతుందా అని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. తల వంచుకుని స్టూలెక్కి ఫ్యూజు పెట్టి, ఫ్యాను మూడు మీదికి తిప్పాడు.

ఆమె చాప తెచ్చి పరుచుకుంది.

"మళ్లీ పీకేటప్పుడు ముందే చెప్పప్పా," అంది కళ్లు మూసుకుంటూ. "ఫ్రిజ్జులోని పాలు విరిగిపోకుండా కాంచి పెట్టుకుంటా."