నలభై గొర్రెల హాష్

ఈ దేశంలో మనిషి మాట మార్చవచ్చు, పార్టీ మార్చవచ్చు. అర్జీలో అక్షరం మాత్రం మారకూడదు. అందుకే మా వైపు రాతల యథార్థ పరిరక్షణ విభాగం వెలిసింది. ఇకపై ప్రతి అర్జీకీ హాష్ జతచేయాలి. హాష్ అంటే, కంప్యూటరు నల్లతెర మీద కమాండ్ కొడితే ఆ రాతకు వచ్చే అరవై నాలుగు అక్షరాల గుర్తు. రాతలో ఒక్క చుక్క పెరిగినా గుర్తు మొత్తం మారిపోతుంది. (ఇది అర్జీదారుడికి అర్థం కానవసరం లేదు. అధికారికి కూడా అక్కర్లేదని తర్వాత సవరించారు.)

కంభం దగ్గర యల్లయ్య మందకు నీలినాలుక రోగం తగిలింది. "నా నలభై గొర్రెలకు జబ్బు చేసింది, పశువుల డాక్టరును పంపగలరు" అని కాగితం మీద రాయించాడు. ఇంటర్నెట్ సెంటరు నాగమల్లేశ్వరి దాన్ని టైపు చేసి హాష్ తీసిచ్చింది. ఆఫీసులో సహాయ హాష్ పరిశీలకుడు గురుస్వామి (నిబంధన 4: అర్జీదారుడి టైపును నమ్మరాదు) ఆ కాగితం చూసి మళ్లీ టైపు చేసి, తానూ హాష్ తీశాడు. రెండూ కలవలేదు.

"కలవకపోయేదేంది సార్? అర్జీ నాదే గదా!"

"నీదేనని హాష్ ఒప్పుకోవాల గద యల్లన్నా."

విచారిస్తే తేలింది: నాగమల్లేశ్వరి ఏ ఫైలైనా పైన 'శ్రీ' కొట్టనిదే మొదలుపెట్టదు. కాగితం మీద అది లేదు. యల్లయ్య పోయి ఆ 'శ్రీ' తీయించుకొచ్చాడు. ఆలోపు ఆరు గొర్రెలు చచ్చిపోయాయి. ఈసారి గురుస్వామికి జాలి కలిగింది. మూగజీవాల అర్జీ, శుభం జరగాలని తానే పైన 'శ్రీ' కొట్టాడు. కలవలేదు.

మూడోసారి యల్లయ్య ఇంటర్నెట్ సెంటరుకు పోయేసరికి పదిహేను మిగిలాయి.

"అమ్మా, నలభై తీసేసి పదిహేను కొట్టు."

"వద్దు మామా! అంకె మార్చినావంటే అది కొత్త అర్జీ. మళ్లీ మొదటినుంచి రావాల."

యల్లయ్య నలభైనే ఉంచమన్నాడు. ఇది రాస్తున్న నాకు ఒళ్లు మండింది. (ఈ వాక్యానికి హాష్ తీయలేదు.)

అర్జీ పెట్టిన పద్దెనిమిదో రోజున నాగమల్లేశ్వరీ, గురుస్వామీ ఇద్దరూ 'శ్రీ' కొట్టారు. హాష్ కలిసింది. గురుస్వామి లేచి యల్లయ్యతో చెయ్యి కలిపాడు. డాక్టరు నలభై గొర్రెలకు సరిపడా మందుతో బయలుదేరి వచ్చాడు. దొడ్డిలో ఒక పొట్టేలు నిలబడి ఉంది.

"నలభై అని రాసినారే?"

"రాసిననాడు ఉండినాయి సార్."

విభాగం అదే సాయంత్రం ధ్రువపత్రం ఇచ్చింది: అందిన నాటినుంచి నేటివరకు ఈ అర్జీలో ఒక్క గొర్రె కూడా తగ్గలేదు.