పర్మనెంటు విద్యార్థులు

"ఇకమీదట మనిషి చదువు దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. చదువే జీపెక్కి మనిషి దగ్గరికి వస్తుంది!" అని విద్యామంత్రిగారు కొరాపుట్ సభలో ప్రకటించిన రోజున వాన పడుతోంది. వానకి జనం చెదిరిపోయారు గాని మంత్రిగారు చెదరలేదు. గొడుగు పట్టినవాడు చేతులు మార్చుకుంటూ ఉండగా గంటంబావు మాట్లాడారు. పని చేసుకుని బతికే పెద్దవాళ్ళ కోసం బి.ఏ. పెడుతున్నామన్నారు. ఇంటరు లేకపోయినా ఇబ్బంది లేదన్నారు. వేళాపాళా లేదు, ఎవరి వీలు వాళ్ళది. పరీక్ష మూడేళ్ళకి ఒక్కసారే, అదీ రాయాలనిపిస్తేనే. కొత్తగా పుట్టిన గిరిసీమ విశ్వవిద్యాలయం వారి మొదటి శాటిలైట్ క్యాంపస్ రాయగడలో వెలుస్తుందన్నారు. శాటిలైట్ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే మంత్రిగారు చెప్పి ఉండేవారే. పక్కన సెక్రటరీ ఉన్నంతసేపూ ఆయన ఏ ప్రశ్నకీ వెనుదీసే మనిషి కాదు.

అన్న ప్రకారం రాయగడలో క్యాంపస్ వెలిసింది. అంతకుముందు అది చింతపండు గోడౌను. సరుకు ఖాళీ చేశారు గాని వాసన ఖాళీ కాలేదు. అందుచేత అక్కడ ఏ పాఠం చెప్పినా వినేవాళ్ళకి నోరూరి తీరుతుంది. ఇలాంటి సదుపాయం పట్నాల్లో కాలేజీలకి కూడా లేదు.

దరఖాస్తు పట్టుకుని మొట్టమొదట వచ్చిన మనిషి కుంతి. మునిసిపాలిటీ నీళ్ళపంపు దగ్గర పనిచేసే సన్యాసయ్య భార్య. పార్వతీపురంలో తొమ్మిదో క్లాసు చదువుతుండగా పెళ్ళి చేసి పంపేశారు. చంకలో ఎనిమిది నెలల కస్తూరి. ఆ మధ్య పిల్లకి జ్వరం వస్తే ఆస్పత్రిలో మందుసీసా ఇచ్చారు. సీసా మీద చీటీ ఇంగ్లీషులో ఉంది. పొద్దుట అర చెంచా, సాయంత్రం చెంచాడు అని ఉంటే, కుంతి రెండ్రోజులు తిరగేసి పోసింది. పిల్లకేమీ కాలేదు. మూడోనాటికి లేచి ఆడుకుంది. కాని కుంతికి మాత్రం అప్పట్నుంచీ ఏ అక్షరం కనపడినా అనుమానమే. ఇంట్లో ఉప్పు పొట్లం కాగితం కూడా రెండుసార్లు చూసి గాని పారేయదు.

క్యాంపస్ గుమస్తా ఆదిశేషు దరఖాస్తు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎక్కడ పంజేస్తన్నావమ్మీ?"

"ఇంట్లోనేనండి, బావుగోరూ."

"అది పని కాదు. ఇది పంజేసీవోలి కోసం పెట్టిన సదువు. పంజేస్తన్నట్టు సర్టిఫికెట్టు కావాల."

"లెగిసిన కాడినుంచి పడుకునీదాకా పనే కదండీ?"

"కాదన్నానేటి? మరి దానికి సీలు ఎవులేస్తారు?"

కుంతి దరఖాస్తు మడిచి కొంగున కట్టుకుంది. పిల్లని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుని వెళ్ళిపోయింది.

ఆ తరవాత రెండు నెలలపాటు క్యాంపస్ దివ్యంగా నడిచింది. విద్యార్థులు వీలున్నప్పుడు రావచ్చు, లెక్చరర్లూ వీలున్నప్పుడు రావచ్చు అని రూలు. వాళ్ళ వీలూ వీళ్ళ వీలూ ఒక్కనాడైనా ఎదురుపడలేదు. ఎక్కడా చిన్న గొడవ లేదు, అల్లరి లేదు. ఇంత క్రమశిక్షణ గల కాలేజీని చూడాలని ముచ్చటపడి, గ్రాంటు ఇచ్చే కమిటీవారు సోమవారం వస్తున్నట్టు టెలిగ్రాం కొట్టారు.

డైరెక్టరు భీమారావుగారు కొరాపుట్ నుంచి ఘాట్ రోడ్డు మీద జీపులో దిగారు. పట్టుపురుగుల శాఖలో పదకొండేళ్ళు చేసి వచ్చిన అనుభవశాలి. నలభై ప్రాణాలని ఒకచోట చేర్చి, కదలకుండా ఆకు మేపడం ఆయనకి కొత్త కాదు. తిన్నగా మునిసిపాలిటీకి వెళ్ళి, దినకూలీల హాజరు మస్టర్ తిప్పి, నలభై మందిని వారంపాటు బదులు అడిగారు.

ఆ వేళ సన్యాసయ్య డ్యూటీ దిగి గుమ్మంలోంచే కేకేశాడు.

"ఒలే కుంతీ! సదువుకునీ ఉజ్జోగాలు పడ్డాయే!"

"సదువుకుని సేసీ ఉజ్జోగాలా?"

"కాదే. సదువుకోడవే ఉజ్జోగం. దినకూలి. నలుగురు తక్కువ పడ్డారట. ముందు బెంచీలో కూకునీవోలికి అచ్చరం ముక్క రావాలట. నీకొచ్చు కదా?"

"పిల్లో?"

"పట్టుకెల్లు. పిల్లలుంటే కమిటీవోలికి మరీ నమ్మకంట."

ఆ విధంగా కుంతి డి.డబ్ల్యు.ఎస్., అంటే డైలీ వేజ్ స్టూడెంట్ అయింది. మస్టర్‌లో సంతకం పెట్టిన సిరా ఆరకముందే ఆదిశేషు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఇప్పుడు పంజేస్తన్నానండి. సర్టిఫికెట్టు ఇప్పించండి."

ఆదిశేషు రూల్సు పుస్తకం మూడుసార్లు తిరగేశాడు. అడ్డం చెప్పే రూలు దొరకలేదు. మనిషి నిజాయితీపరుడు, దొరకనప్పుడు ఒప్పుకుంటాడు. "ఈమె ఈ క్యాంపస్‌లో విద్యార్థిగా పనిచేయుచున్నది గనుక, ఈ క్యాంపస్‌లో విద్యార్థిగా చేరుటకు అర్హురాలు" అని రాసి సీలేశాడు. రాయగడ క్యాంపస్‌లో బి.ఏ.కి చేరిన మొదటి విద్యార్థి కుంతి. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే పోతుంది. రెండోవాళ్ళు లేరు.

సోమవారం ఏడింటికి మేస్త్రీ ఈలవేశాడు. నలభై మందీ వరసలో నిలబడి, పేర్లు పలికి లోపలికి నడిచారు. రోడ్లూడ్చే గున్నమ్మ అలవాటుకొద్దీ చీపురు తెచ్చేసుకుంది. వద్దంటే వినదు. "పనిముట్టు నేకండా ఏ పనికీ ఎల్లను బాబూ" అంది. చీపురు బెంచీకింద పెట్టించారు.

కమిటీ ఛైర్మన్‌గారు పట్నం కాలేజీల్లో అల్లరి చూసి చూసి ఉన్నారు. ఇక్కడ నలభై మంది చేతులు కట్టుకుని, రెప్ప వేయకుండా గోడవైపు చూస్తుంటే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. గున్నమ్మ దగ్గర ఆగారు.

"చదువు ఎలా ఉందమ్మా?"

"బరువు నేదు బాబూ. మట్టితట్ట మీద శానా నయం."

'విద్యాభారం గణనీయంగా తగ్గించబడినది' అని ఛైర్మన్‌గారు నోట్ చేసుకున్నారు. నూటికి నూరు హాజరు ఉన్న కాలేజీ తమ సర్వీసులో చూడలేదన్నారు. క్యాంపస్‌కి జీపూ, గోడగడియారమూ, ఇద్దరు అసిస్టెంట్లూ మంజూరు చేయించి వెళ్ళారు.

శనివారంతో మస్టర్ అయిపోయింది. సోమవారం నుంచి మళ్ళీ రోడ్లు ఊడవమన్నారు. గున్నమ్మ గోడౌను గుమ్మానికి అడ్డంగా కూచుంది. ఆమె వెనక, కుంతి తప్ప, మిగతా ముప్ఫయి ఎనిమిది మంది.

"సదువులోకి దింపింది మీరు. మద్దెలో లాగీస్తే మావేటైపోవాల? ఎండలో నడుం వంచీ అలవాటు తప్పిపోనాది!"

"వారమేగా, గున్నమ్మా!" అన్నారు భీమారావుగారు.

"వారమైతే ఏటి? సదువు సదువే!"

తొమ్మిది రోజులు బైఠాయింపు. డైరెక్టరుగారు లోపలే ఉండిపోయి, ఆ తొమ్మిది రోజులూ ఉప్మాతో గడిపారు. ఈ సంగతి పేపర్లో 'విద్య కోసం పేదల పోరాటం' అని పడేసరికి మంత్రిగారు కరిగిపోయారు. మునిసిపల్ ఎన్నికలు నెల్లాళ్ళలో ఉన్నాయనేది వేరే విషయం. ఆయన స్వయంగా వచ్చి, గున్నమ్మ చేతికి గులాబీదండ ఇచ్చి, మైకు అందుకున్నారు.

"నా ప్రాణం ఉండగా ఒక్క విద్యార్థి చదువు కూడా ఆగదు! నలభై మందినీ పర్మనెంట్ చేస్తున్నాను. యాభై ఎనిమిదేళ్ళు నిండేవరకూ మీరు విద్యార్థులే!"

దేశంలో ఏ మంత్రీ విద్యార్థులకి ఇంత ఉద్యోగభద్రత కల్పించలేదు. అయితే ఫైనాన్సు శాఖలో ఎవరో ఒక మతిమంతుడు ఉంటాడు కదా, అతను ఒక సందేహం లేవదీశాడు: వీళ్ళు పాసైపోతే? దానికీ ఆర్డరు వచ్చింది. 'పరీక్ష పాసైన విద్యార్థికి చదవవలసినది మిగలదు గనుక, అట్టివారు ఉద్యోగమును తామే వదులుకొన్నట్లు భావించబడును.'

ఆర్డరు విని గున్నమ్మ హాయిగా నిట్టూర్చింది. "మన్లో పాసైపోయీ పాపిస్టోలెవులున్నారు?"

మూడేళ్ళు గడిచాయి. విశ్వవిద్యాలయం నుంచి అచ్చువేసిన పాఠాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. క్యాంపస్ బయట వేరుసెనగపప్పు అమ్మేవాళ్ళకి అవి అచ్చివచ్చాయి. కుంతి మాత్రం ముందుగానే కట్టలోంచి తనవి తీసుకుని దాచుకునేది. కస్తూరి గోడౌను నేల మీదే పాకింది, అక్కడే నిలబడింది, నల్లబల్ల పట్టుకునే నడక నేర్చింది. బుధవారం బుధవారం కొరాపుట్ బస్సులో ఇంగ్లీషు లెక్చరరు సూర్యారావుగారు దిగేవారు. ఘాట్‌లో వాంతులై వచ్చిన మనిషి గంటసేపు చెంబుడు నీళ్ళు పెట్టుకుని కూచుంటే, కుంతి ఆయన తేరుకునేదాకా ఆగి, అర్థంకాని మాటలు అడిగేది. ఆయన ఆశ్చర్యపోయేవారు.

"ఇవన్నీ నిజంగా చదువుతున్నావా అమ్మా? ఎందుకు?"

"చీటీలు సదవాలి కదండీ" అనేది కుంతి.

పరీక్ష ఫీజు కట్టిన మర్నాడే భీమారావుగారి జీపు పంపుహౌస్ క్వార్టర్ ముందు ఆగింది. అంత పెద్దమనిషి ఇంటికొచ్చారని సన్యాసయ్య కుర్చీ కోసం పక్కింటికి పరిగెత్తాడు.

"కుంతమ్మా, నువ్వు నా కూతురులాంటిదానివి. పరీక్ష రాయకు."

"ఫీజు కట్టీసేనండి."

"పోనీ రాయి. ఒక్క పేపరు పోగొట్టు. నీకు తెలియదు గాని, ఒకళ్ళు పాసైతే మిగతావాళ్ళకి అదే అలవాటవుతుంది. క్యాంపస్సే మూతపడుతుంది. నలభై కుటుంబాలు!"

సన్యాసయ్య కుర్చీ ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏటంటావే?" అన్నాడు.

కుంతి కస్తూరి వైపు చూసింది. పిల్ల గోడకి ఆనించిన మందుసీసా మీద అక్షరాలు వేలితో దిద్దుతోంది.

"రాసీస్తానండి" అంది కుంతి.

పరీక్ష ఎంతో పకడ్బందీగా జరిగింది. రాసేది ఒకరు. కాపలాకి ముగ్గురు ఇన్విజిలేటర్లు, ఇద్దరు పోలీసులు, జీపులో ఫ్లయింగ్ స్క్వాడ్. కాపీ కొట్టడానికి పక్కన ఇంకొక మనిషి లేకుండా చేయడంలో విశ్వవిద్యాలయం చూపిన జాగ్రత్త మెచ్చుకోదగ్గది. కుంతి సెకండ్ క్లాసులో పాసైంది. నూటికి నూరు పాస్ అని విశ్వవిద్యాలయం ప్రకటించుకుంది.

పట్టా కోసం వెళితే ఆదిశేషు ముందుగా ఒక కవరు ఇచ్చాడు. ఇంగ్లీషు మెమో.

"ఇలాగియ్యి అమ్మీ, సదివి సెప్తాను."

"నేను సదువుకుంతానండి."

మొదటినుంచి చివరిదాకా చదివింది. ఒక్క మాట దగ్గర కూడా ఆగలేదు. ఎక్కడైనా ఆగితే బాగుండునని మాత్రం అనిపించింది.

"ఉజ్జోగం పోనాది, సరే. పట్టా ఇప్పించండి."

"పంజేస్తన్నట్టు సర్టిఫికెట్టు తెచ్చేవా?"

"తీసీసేరు కదండీ ఇప్పుడే!"

"అందుకే అడుగుతన్నాను. ఇది పంజేసీవోలి డిగ్రీ. పన్లో ఉన్నోలికే పట్టా." అంటూనే రిజిస్టర్ తెరిచాడు. క్యాంపస్ విడిచిన కారణం అన్నచోట అచ్చులో మూడే గడులున్నాయి. మరణం, బదిలీ, గృహకృత్యములు.

"పాసైనట్టు రాయండి."

"ఆ గడి నేదమ్మీ." ఆదిశేషు మూడో గడిలో టిక్కు పెట్టాడు.

"ఇంట్లో పని పని కాదన్నారు కదండీ?"

"సేరినప్పుడు కాదు. ఎల్లిపోయినప్పుడు అవుతాది."

ఆ నెలాఖరున జరిగిన మూడో వార్షికోత్సవంలో మంత్రిగారు గర్వంగా లెక్క చెప్పారు. నలభై మందిలో ముప్ఫయి తొమ్మిది మంది ఇంకా చదువుతూనే ఉన్నారు. ఒక్క స్త్రీ మాత్రం ఇంటి బాధ్యతలవల్ల చదువు మధ్యలో మానేసింది. ఆ దురదృష్టవంతురాలి కోసం సభ ఒక నిమిషం మౌనం పాటించింది.

మర్నాడు క్యాంపస్ గేటుకి ఒక నోటీసు అంటించారు. అప్పటికే పాతికమంది మూగి ఉన్నారు. గున్నమ్మ తన కోడలు సింహాచలమ్మని వెంటపెట్టుకొచ్చింది. నోటీసు ఇంగ్లీషులో ఉంది. కస్తూరిని బాలవాడీలో దింపడానికి ఆ దారినే వస్తున్న కుంతిని గున్నమ్మ చెయ్యిపట్టుకుని లాగింది.

"దేవతలా వొచ్చేవమ్మీ! ఏటి రాసున్నాదో సదువు."

కుంతి గట్టిగా చదివి, తెలుగులో చెప్పింది. "ఒక విద్యార్థి కావలెను. పర్మనెంటు ఉద్యోగం. యాభై ఎనిమిదేళ్ళ వరకు. చదువు పూర్తి చేసినవారు దరఖాస్తు చేయనక్కరలేదు."

"ఎంత గలగలా సదివీసిందో సూడత్తా!" అంది సింహాచలమ్మ నోరు తెరిచి. కుంతి వైపు తిరిగి జాలిగా అడిగింది. "ఇంత బాగా సదువుతావు. ఇంట్లో కూకునీ బదులు ఈ ఉజ్జోగం నువ్వే సేసుకోవొచ్చు కదమ్మీ?"

కుంతి కస్తూరిని ఎత్తుకుని, ఆఖరి వరస ఇంకోసారి గట్టిగా చదివింది.